దొంతరయ్య అన్న మాట, నివేదిక రాసిన మాట

దొంతరయ్య కుడిచేతి మూడు వేళ్లు పోవడానికి దొంతరయ్య నిర్లక్ష్యమే కారణమని దాణా ఫ్యాక్టరీ తన ప్రమాద నివేదికలో రాసింది. నివేదిక ఒకటిన్నర పేజీ. అందులో ఆయన నోటి నుంచి వచ్చిన మాట ఒకే ఒక్కటి ఉంది. ఆ ఒక్క మాటనే ఆయన మీద సాక్ష్యంగా నిలబెట్టారు. కాగితం అడుగున ఎడమ బొటనవేలి ముద్ర ఉంది. ఆయనకు చదవడమూ వచ్చు, రాయడమూ వచ్చు. ముద్ర వేయించిన సమయానికి ఆయన కుడిచెయ్యి మోచేతి దాకా కట్టులో ఉంది, మనిషి మత్తుమందు ప్రభావంలో ఉన్నాడు.

ఆ మాట ఏమిటో, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే ఆ మనిషి చేసిన పని ఏమిటో ముందు చెప్పాలి. నివేదిక ఆ పని గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు కనుక ఇక్కడ కొంచెం వివరంగానే రాయవలసి వస్తున్నది.

ఆయన పశువుల దాణా తయారయ్యే ఫ్యాక్టరీలో ఇరవై నాలుగేళ్లు బస్తాలు పేర్చాడు. పిండి మరలో నలిగి, ఆవిరిలో ఉడికి, గుళికలై వచ్చిన దాణా బస్తాలోకి దిగుతుంది. బస్తా మూతి కుట్టే మిషను కింద నుంచి జారి, బెల్టు మీద పడుకొని, షెడ్డు చివరిదాకా వస్తుంది. అక్కడ నేలమీద ప్యాలెట్ ఉంటుంది. ప్యాలెట్ అంటే బరువులెత్తే ఫోర్క్‌లిఫ్టు బండి కోరలు దూరేందుకు కింద సందు వదిలి, పట్టీలు కొట్టిన చెక్క బల్ల. దాని మీద వరసకు ఐదు బస్తాలు, ఆరు వరసలు. బస్తా యాభై కిలోలు. ఒక్కో ప్యాలెట్ మీద నిలబడేది టన్నున్నర బరువు. దానిని నిలబెట్టే తాడు లేదు, మేకు లేదు, జిగురు లేదు. పేర్పు మాత్రమే ఉంది.

మూడు బస్తాలు అడ్డంగా, రెండు నిలువుగా. పై వరసలో అడ్డంగా ఉన్నవాటి మీద నిలువువి, నిలువుగా ఉన్నవాటి మీద అడ్డంవి. ఇది ఎవరికైనా ఒక పూటలో వస్తుంది. తరువాతి సంగతులకే ఏళ్లు పడతాయి. మూల బస్తాను వేలెడు లోపలికి లాగాలి. వేడి తగ్గని బస్తా మెత్తగా ఉంటుంది, దానిని అడుగు వరసలో వేస్తే చల్లారేసరికి కుంగి పైనున్నదంతా ఒరుగుతుంది. మబ్బు పట్టిన రోజున సంచులు జారతాయి, మూడో వరస మీద అట్ట పరవాలి. మూడో వరస పూర్తయ్యాక పేర్పు చుట్టూ ఒకసారి తిరిగి చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, కుట్టిన మూతి ఎప్పుడూ లోపలికే ఉండాలి. బయటికి ఉన్న మూతి విచ్చితే బస్తా ఖాళీ అవుతుంది. అడుగు బస్తా ఖాళీ అయితే పైది మనిషి మీదికి వస్తుంది.

తన ఇరవై రెండో ఏట చేరిన కుర్రవాడు నెల తిరక్కుండానే ఇవన్నీ చేతికి ఎక్కించుకోవడం చూసి అప్పటి ముఠా మేస్త్రి ఆయనకు దొంతరయ్య అని పేరు పెట్టాడు. హాజరు పట్టీలో వేరే పేరు ఉంది. ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే ఆయన వెనక్కి తిరిగి చూసేవాడు కాదట. ఇంట్లోనూ అంతే. దుప్పట్లు, పళ్లేలు, పాత పుస్తకాలు ఆయన సర్దాక ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు. "నాన్న సర్దిన బీరువాలోంచి ఒక్క తువ్వాలు లాగాలన్నా ప్లాను గీసుకోవాలి" అని కూతురు ఇప్పటికీ వేళాకోళం చేస్తుంది.

భార్య అదే ఫ్యాక్టరీలో మూతులు కుట్టే మిషను మీద పనిచేస్తుంది. ఇద్దరికీ మాటలు కలిసింది తగవుతోనే. ఒకరోజు ఆయన బెల్టు పొడుగునా నడిచి ఆమె దగ్గరికి వెళ్లి, ఒక బస్తా కుట్టు వదులుగా ఉందన్నాడు.

"నీ చేతుల్లో బలం ఎక్కువై ఊడింది. నా కుట్టుకేం రోగం లేదు" అంది ఆమె.

"ఊడలేదు. ఊడుతుందని చెబుతున్నా."

"ఓహో, జాతకం కూడా చెబుతావా? అందుకేనా మూతులన్నీ లోపలికి దాస్తావు? నా కుట్టంటే అంత అపనమ్మకమా?"

"కుట్టు మీద కాదు, దారం మీద. దారం నువ్వు నేసింది కాదుగా."

ఈ జవాబుకు తాను పడిపోయానని ఆమె ఒప్పుకోదు. మర్నాటి నుంచి దారం కండె మార్చినప్పుడల్లా ఒక మూర తెంపి లాగి చూడడం మొదలుపెట్టానని మాత్రం చెబుతుంది.

ఇరవై నాలుగేళ్లలో ఆయన పేర్చినవి రెండు కూలాయి. ఎవరూ అడగకుండానే ఆ రెండింటి సంగతీ ఆయన చెబుతాడు. మొదటిది పనిలో చేరిన ఆరో ఏట. ప్యాలెట్ అడుగుపట్టీ చీలి ఉంది, ఆయన వంగి చూసుకోలేదు. రెండోది జ్వరంతో పనికి వచ్చిన రోజు. జ్వరమని ఎవరికీ చెప్పలేదు, మూడో వరస తరువాత చుట్టూ తిరగలేదు. "రెండూ నావే" అంటాడు. షిఫ్టు పుస్తకంలో ఆ రెండు తేదీల ఎదురుగా "నా పొరపాటు" అని ఆయన తన చేత్తో రాసి సంతకం పెట్టాడు. ఆ పేజీలు ఈనాటికీ ఉన్నాయి. నిర్లక్ష్యం అనే మాట ఫ్యాక్టరీ ఎవరికి అంటగట్టిందో గుర్తించడానికి ఆ రెండు సంతకాలూ చాలు.

పేర్పు ఒక్కడి పని కాదు. ఇద్దరు కావాలి. ఒకడు బెల్టు మీది బస్తాను భుజానికి ఎత్తుకొని తెచ్చి వేస్తాడు. రెండోవాడు పేర్పు దగ్గరే నిలబడి, పడిన బస్తాను తిప్పి, నొక్కి, మూతి లోపలికి పెట్టి సర్దుతాడు. గంటకోసారి స్థానాలు మారతారు. సర్దేవాడి చేతులు బస్తాల మధ్య ఉన్నప్పుడే పైనుంచి ఇంకో యాభై కిలోలు వస్తుంటాయి. అందుకని వాళ్ల మధ్య మూడు మాటల కట్టుబాటు ఉంది. చెయ్యి లోపల ఉంటే సర్దేవాడు "చెయ్యుంది" అంటాడు. వేసేవాడు "ఆగా" అని జవాబిచ్చి, బస్తా భుజం మీదే మోస్తూ నిలబడిపోతాడు. చెయ్యి బయటికి వచ్చాక "వచ్చేసింది" అనే మాట వినబడితేనే వేస్తాడు. "ఆగా" వినకుండా చెయ్యి పెట్టకూడదు. "వచ్చేసింది" వినకుండా బస్తా వేయకూడదు. ఇది ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు. కానీ ఆ షెడ్డులో ఇంతకన్నా కచ్చితంగా అమలైన నిబంధన మరొకటి లేదు.

ఆయనకు పదిహేడేళ్లుగా ఒకే జోడీదారు. రక్తసంబంధం లేదు, బావా అంటే బావా అని పిలుచుకుంటారు. ఇద్దరూ షెడ్డులో రోజుకు కొన్ని వందలసార్లు ఆ మూడు మాటలే అనుకొనేవారు.

"మీరిద్దరూ బజార్లో ఎదురుపడ్డా ఇవే మాటలా అన్నయ్యా?" అని దొంతరయ్య భార్య ఒకసారి అడిగింది.

"అంతేనమ్మా. నువ్వు వంట బాగాలేదని అననిస్తావా మా బావని? ఆ మాట నోటిదాకా వచ్చిందంటే నేను వెనకనించి చెయ్యుంది అంటా, ఆగా అని ఆగిపోతాడు" అన్నాడు జోడీదారు.

నిరుడు ఫ్యాక్టరీ బస్తాలు పేర్చే యంత్రాన్ని తెప్పించింది. పసుపురంగు ఇనుప చెయ్యి, చివర వేళ్లున్న పంజా. దానిని నేలకు బిగించి చుట్టూ నిలువెత్తు జాలీ కంచె కట్టారు. దానికి పదడుగుల లోపు ఎవరూ చెత్త వేయకూడదు, దుమ్ము రేపకూడదు, దాని కోసం ప్రత్యేకంగా ఒక ఫ్యాను. ఆ మర్యాదలు చూసి కార్మికులు దానికి కొత్తల్లుడని పేరు పెట్టారు. "కొత్తల్లుడు అలిగాడు" అంటే యంత్రం ఆగిందని అర్థం.

దానిని అమర్చడానికి వచ్చిన ఇంజినీరు ఒక యువతి. తొమ్మిది రోజులు దొంతరయ్య పక్కనే నిలబడి ఆయన పని చూసింది. భుజాలకూ మణికట్టుకూ తెల్ల చుక్కలు అతికించి వీడియో తీసింది. ప్రతిదీ అడిగింది, ప్రతిదీ రాసుకుంది. ఆయన తనకు తెలిసినదంతా, దాపరికం లేకుండా, విసుక్కోకుండా చెప్పాడు. తన స్థానాన్ని తీసుకోబోయే దానికి తానే పని నేర్పుతున్నానని ఆయనకు తెలుసు.

"ఎందుకు చెప్పావు బావా అన్నీ? మూల బస్తా సంగతైనా దాచుకోవాల్సింది" అన్నాడు జోడీదారు.

"దాచి ఏం చేస్తాం? రేపు అది కూలితే కింద ఉండేది మనోళ్లేగా."

ఒకరోజు ఆ అమ్మాయి అడిగింది. "మధ్యమధ్యలో మీరిద్దరూ ఏదో అనుకుంటున్నారు. ఏంటండీ అది?"

ఆయన మూడు మాటలూ వివరించాడు. ఆమె కాసేపు రాయడం మానేసి వింది.

"దీనికి చెవుల్లేవు కదండీ" అంది తరువాత. "అందుకని కంచెకి గేటు పెడుతున్నాం. గేటుకి ఒక ఇనుప నాలుక ఉంటుంది, మూసినప్పుడు అది ఈ స్విచ్చిలోకి దిగుతుంది. గేటు తీశారా, నాలుక బయటికొస్తుంది, మెషీను నిలిచిపోతుంది. మళ్లీ గేటు మూసి, మీరు వెలుపలికి వచ్చి, ఈ బొత్తం నొక్కేదాకా కదలదు. మీరు చెయ్యుంది అనడం, అది ఆగా అనడం రెండూ ఈ గేటేననుకోండి."

"అంటే గేటు తీస్తే చెప్పినట్టే."

"చెప్పినట్టే."

ఆ రోజు నుంచి ఆయన గేటును నమ్మాడు. నమ్మమని నేర్పింది యంత్రం తయారుచేసినవారు. నేర్పించింది ఫ్యాక్టరీ.

ఇంజినీరు తన చివరి నోటులో రెండు విషయాలు ప్రత్యేకంగా రాసి వెళ్లింది. ఒకటి, బస్తా మూతి ప్రతిసారీ లోపలికే రావాలంటే బెల్టు మీద తిప్పుడు పళ్లెం ఒకటి అదనంగా అమర్చాలి. వేగం తగ్గుతుందన్న కారణంతో యాజమాన్యం అది వద్దన్నది. రెండు, గేటు స్విచ్చిని ఎట్టి పరిస్థితిలోనూ పనిచేయకుండా చేయరాదు. ఈ రెండో వాక్యం కింద గీత గీసి ఉంది.

యంత్రం వచ్చాక పేర్చేవాళ్లు అక్కర్లేకపోయారు. జోడీదారుకు చీపురు ఇచ్చి, ఒలికిన దాణా ఊడ్చే పని అప్పగించారు. దొంతరయ్యను గేటు దగ్గర నిలబెట్టారు. బస్తా వంకరగా పడితే గేటు తీసి, లోపలికి వెళ్లి సర్ది, బయటికి వచ్చి బొత్తం నొక్కడం ఆయన పని. మూతులు ఎటు పడితే అటు వస్తున్నాయి కనుక బస్తాలు విచ్చడం మామూలైంది. గేటు తీసిన ప్రతిసారీ యంత్రం మొదటి స్థితికి వెళ్లి, లెక్క సరిచూసుకొని, తిరిగి అందుకోవడానికి పదకొండు నిమిషాలు పట్టేది. రోజుకు తొమ్మిది పదిసార్లు.

ప్రమాదానికి పందొమ్మిది రోజుల ముందు ఉదయం, సూపర్‌వైజరు స్టోరు నుంచి ఒక ఇనుప నాలుక తీసుకున్నాడు. స్టోరు రిజిస్టరులో ఆ పద్దు ఉంది: "గేటు స్విచ్చి నాలుక, స్పేరు, ఒకటి". ఎదురుగా సూపర్‌వైజరు సంతకం. ఆ విడి నాలుకను నేరుగా స్విచ్చిలోకి దించి తీగతో కట్టేశారు. అప్పటి నుంచి గేటు బార్లా తెరిచి ఉన్నా యంత్రం దృష్టిలో అది మూసే ఉంది.

దొంతరయ్య అడిగాడు. "ఇలా కడితే ఇంక అది ఆగదు కదండీ?"

"ఆగకూడదనేగా పెద్దాయనా కట్టింది" అన్నాడు సూపర్‌వైజరు. "పదకొండు నిమిషాలు పోతున్నాయని పైనుంచి రోజూ నన్ను తింటున్నారు. ఒక్క బస్తా సర్దడానికి ఒక్క చెయ్యేగా. అది నిలబడ్డప్పుడు చూసి పెట్టు."

"నిలబడిందని నాకెలా తెలుస్తుంది?"

"ఇన్నేళ్లు పని చేశావు, అదీ నేనే చెప్పాలా?"

ఆయనకు ప్రమాదం తెలియదని నేను వాదించడం లేదు. తెలుసు. తెలిసే అడిగాడు. అడిగినందుకు వచ్చిన సమాధానం ఒక ఆజ్ఞ. ప్రమాదాన్ని ఎరిగి ఉండడం వేరు, దానికి ఒప్పుకోవడం వేరు. పని పోతుందన్న భయంతో నిలబడ్డ మనిషి మౌనాన్ని అంగీకారంగా చదవడం ఏ న్యాయశాస్త్రానికీ తగదు. ఆజ్ఞ ఇచ్చినవాడు నోటితో ఇచ్చాడు, కాగితం మీద ఇవ్వలేదు. అలా ఎందుకిచ్చాడో ఆలోచించడానికి చదువు అక్కర్లేదు.

ప్రమాదం ఉదయం పదిన్నరకు జరిగింది. ఐదో వరసలో బయటి అంచున పడిన బస్తా మూతి బయటికి ఉంది. కుట్టు విచ్చి దాణా ధారగా కారడం మొదలైంది. అటువైపు జాలీలో ఊడ్చడానికి వీలుగా వదిలిన ఖాళీ ఉంది. ఆ ఖాళీ ముందు జోడీదారు వంగి, కారిన దాణా ఊడుస్తున్నాడు. బస్తా ఖాళీ అయితే దాని మీదికి రాబోయే ఆరో వరస ఎటు ఒరుగుతుందో ఆ షెడ్డులో అందరికన్నా ముందు చూసినవాడు దొంతరయ్య.

యంత్రం కదలకుండా ఉంది. అది ఆగిపోలేదు. బెల్టు మీద తరువాతి బస్తా ఇంకా రాలేదు, అది వచ్చేదాకా వేచి ఉంది. ఆగిపోయిన యంత్రమూ వేచి ఉన్న యంత్రమూ చూపుకు ఒకేలా ఉంటాయి. ఆ తేడా చెప్పడానికే గేటు స్విచ్చి ఉన్నది. ఆ స్విచ్చిని తీగతో కట్టేశారు.

ఆయన గేటు తీశాడు. మూతి లోపలికి తిప్పడానికి రెండు బస్తాల మధ్య కుడిచెయ్యి పెడుతూ, ఇరవై నాలుగేళ్ల అలవాటున, "చెయ్యుంది" అన్నాడు.

జాలీకి అవతల నుంచి, వంగినచోటు నుంచి తల ఎత్తకుండానే, పదిహేడేళ్ల అలవాటున, జోడీదారు "ఆగా" అన్నాడు.

జవాబు వినబడింది. ఆయన చెయ్యి పూర్తిగా లోపలికి పెట్టాడు. బెల్టు చివర బస్తా వచ్చింది. ఇనుప చెయ్యి దిగింది.

చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు పోయాయి. అరచేతి ఎముకలు రెండు నలిగాయి. బస్తాలో తేమ ఉందో లేదో, వేడి తగ్గిందో లేదో ఒక్కసారి ఆనించి చెప్పే అరచెయ్యి అది. ఇప్పుడు దానికి చన్నీళ్లూ వేణ్నీళ్లూ తెలియవు.

మూడో రోజున ఆసుపత్రి మంచం దగ్గర భార్య కూర్చొని ఉండగా జోడీదారు వచ్చాడు. గోడకు ఆనుకొని నిలబడ్డాడే కాని స్టూలు చూపించినా కూర్చోలేదు.

"నేను ఆగానన్నాను చెల్లెమ్మా" అన్నాడు చివరికి. "ఆగింది నేను. అది కాదు. నా చేతిలో చీపురుంది, నేను ఆగితే ఎంత, ఆగకపోతే ఎంత. కానీ నోటికి ఆ మాట వచ్చేసింది."

మంచం మీది మనిషి కళ్లు తెరవకుండా మాట్లాడాడు.

"నేనన్నాక నువ్వు అనకుండా ఎలా ఉంటావు బావా. ముందు నోరు జారింది నాది."

"మాట్లాడకు నువ్వు. ఎవరిది ముందో ఇంటికొచ్చాక తేల్చుకుందాం."

"చేత్తో మాట్లాడనుగా."

ఆ గదిలో మూడు రోజుల తరువాత ముగ్గురూ నవ్వింది అప్పుడేనట.

నివేదికను ఫ్యాక్టరీ భద్రతాధికారి రాశాడు. అందులో ఈ వాక్యం ఉంది, అక్షరం మార్చకుండా ఇస్తున్నాను: "సదరు కార్మికుడు 'చెయ్యుంది' అని తానే బిగ్గరగా పలికి, తద్వారా ప్రమాదమును పూర్తిగా ఎరిగియుండి, ఎవరి ఆజ్ఞయు లేకుండ, స్వీయ నిర్లక్ష్యముతో నిషిద్ధ ప్రదేశమున చేయి ఉంచెను." తనిఖీ అధికారి ఒకరోజు వచ్చాడు. ఆఫీసు గదిలో ఈ కాగితం చదివి, సరేనని ముద్ర వేసి వెళ్లాడు. షెడ్డులోకి రాలేదు. గేటు చూడలేదు.

నలభై రోజుల తరువాత భద్రతాధికారీ సూపర్‌వైజరూ దొంతరయ్యను ఆఫీసుకు పిలిచారు. వేలిముద్ర ఉన్న కాగితం చాలదనిపించిందేమో, అదే నివేదికను శుభ్రంగా అచ్చువేసి సంతకం పెట్టమన్నారు. పెడితే కూర్చొని చేసే పని ఇస్తామన్నారు. లారీలను తూచే వే బ్రిడ్జి దగ్గర చీట్లు అందుకునే పని. ఆయన భార్యను వెంట తీసుకువెళ్లాడు. ఆమె ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదివింది.

"ఇందులో నేనన్న మాట ఒక్కటే నాది" అన్నాడు దొంతరయ్య. "మిగతాదంతా దానికి తగిలించారు."

భద్రతాధికారి అడిగాడు. "ఆ మాట మీరు అన్నారా, లేదా?"

"అన్నాను."

"ప్రమాదం ఉందని తెలిసేగా అన్నారు?"

"చెయ్యి పెట్టాలంటే ఆ మాట అనాలి సార్. అనకుండా పెట్టడమే నిర్లక్ష్యం. అది నాకు నేను చెప్పుకున్నది కాదు, ఎదుటివాడికి చెప్పింది."

"ఎదురుగా మనిషి లేడుగా. మెషీను కదా ఉంది."

"ఇరవై నాలుగేళ్లు మనిషే ఉన్నాడు."

తలుపు దగ్గర జోడీదారు నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది.

"నిన్నెవరు పిలిచారు?" అన్నాడు సూపర్‌వైజరు.

"ఎవరూ పిలవలేదు. పిలుస్తారేమోనని నలభై రోజులు చూశా. సార్, ఆయన చెయ్యుంది అంటే నేను ఆగా అన్నాను. అది రాసుకోండి. నాలుక కట్టేయడం కూడా చూశాను. తీగ తెచ్చిచ్చింది నేనే, తెమ్మంటే. అదీ రాసుకోండి."

భద్రతాధికారి కలం కింద పెట్టాడు. "నువ్వు జవాబిచ్చావని రాస్తే తప్పు నీ మీదికి వస్తుంది. పెళ్లాంబిడ్డలున్నవాడివి, ఆలోచించుకుని మాట్లాడు."

"వస్తే రానివ్వండి. ఎంతుందో అంతే రాయండి. నాది నాకు, ఆయనది ఆయనకి, మీది మీకు."

ఎవరూ రాయలేదు. సూపర్‌వైజరు దొంతరయ్య పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "పెద్దాయనా, ఒక్క సంతకం. ఎడమ చేత్తో ఎలా వచ్చినా పర్లేదు. ఇది ఇక్కడితో అయిపోతుంది. నీకు నీడన పని."

"రెండుసార్లు నా పొరపాటని నేనే రాశాను బాబూ. ఎవరూ అడక్కుండా రాశాను. ఇది నాదైతే మూడోసారీ రాసేవాణ్ని." ఆయన కాగితాన్ని భార్య చేతిలోంచి తీసుకొని బల్ల మీద వాళ్ల వైపు తిప్పి పెట్టాడు. "దీని మీద నేను సంతకం పెడితే, రేపు ఆ గేటు దగ్గర నిలబడేవాడిది కూడా తప్పేనని ఇవాళే రాసిచ్చినట్టు. పెట్టను."

ఆయనను తిరిగి పనిలోకి తీసుకోలేదు. పని చేయగల స్థితిలో ఉన్నాడో లేదో తేలాలని ఒక ఉత్తరం వచ్చింది. తేల్చడానికి ఎవరూ పిలవలేదు. ఇప్పుడు ఆయన ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంటున్నాడు. కూతురి పాత నోటుబుక్కులో రోజుకొక పేజీ. అక్షరాలు వరస తప్పితే ఆ పేజీ మళ్లీ మొదటి నుంచి రాస్తాడు.

గేటు దగ్గర ఇప్పుడు జోడీదారు నిలబడుతున్నాడు. ఆఫీసులో నోరు విప్పిన వారానికి అతని చీపురు తీసుకొని, ఆ పని అప్పగించారు. అతనికీ నోటిమాటతోనే చెప్పారు, నిలబడ్డప్పుడు చూసి పెట్టమని. దొంతరయ్య భార్య రోజూ తన మిషను దగ్గరికి పోతూ ఆ గేటు పక్కనుంచే నడుస్తుంది. నాలుక స్విచ్చిలోనే ఉంది. పాత తీగ తుప్పు పట్టిందని కొత్త తీగ చుట్టారు.

ఫ్యాక్టరీ యాజమాన్యానికి, నివేదిక రాసిన భద్రతాధికారికి, షెడ్డులో అడుగుపెట్టకుండా దానిని ఆమోదించిన తనిఖీ అధికారికి ఈ రాత చేరుతుంది. స్టోరు రిజిస్టరు పేజీ, ఇంజినీరు రాసిన నోటు, షిఫ్టు పుస్తకంలోని రెండు సంతకాలు, వీటి నకళ్లు దొంతరయ్య తరఫున ఇది రాస్తున్న మా దగ్గర ఉన్నాయి. జోడీదారు చెప్పినది అతని సంతకంతో ఉంది.

స్విచ్చిలో కట్టిన నాలుకను ఇది చదివిన పూటే పీకేయండి. దానికి విచారణ అక్కర్లేదు, కటుక్కున కత్తిరిస్తే తీగ తెగుతుంది. ఆ మనిషి మత్తులో ఉండగా వేయించిన వేలిముద్రను రద్దు చేయండి. "స్వీయ నిర్లక్ష్యముతో" అన్న మాటను, "ఎవరి ఆజ్ఞయు లేకుండ" అన్న మాటను కొట్టివేసి, ఆజ్ఞ ఎవరిచ్చారో, స్విచ్చిని ఎవరు చంపారో, పదకొండు నిమిషాలు ఎవరికి బరువయ్యాయో ఆ స్థానంలో పేర్లతో రాయండి. తనిఖీ అధికారి ఈసారి ఆఫీసులో కాకుండా గేటు ముందు నిలబడి సాక్ష్యం తీసుకోవాలి, జోడీదారు సాక్ష్యంతో మొదలుపెట్టాలి. సాక్ష్యం చెప్పినందుకు అతని పనికీ, బస్తాలు కుట్టే ఆ ఇల్లాలి పనికీ హాని జరగదని ముందే హామీ ఇవ్వాలి. దొంతరయ్యకు ఇస్తామన్న కూర్చొని చేసే పనిని ఏ సంతకంతోనూ ముడిపెట్టకుండా ఇవ్వాలి.

మీకు పదిహేను రోజుల గడువు ఉంది. జవాబు కాగితం మీద, తేదీ వేసి, సంతకం పెట్టి పంపండి.